మేత గుట్టకు కంచె వేస్తామంటున్నారు, గ్రామసభలో ఏం అడగాలి?

గుట్టకింది రైతు
మే 11, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది రాయలసీమలో గుట్టల పక్కన చిన్న ఊరు. ఆరెకరాల మెట్ట, ఇరవై రెండు గొర్రెలు, రెండు ఎద్దులు, ఒక ఆవు ఉన్నాయి. ఊరికి పడమర 86 ఎకరాల మేత పోరంబోకు ఉంది. మా తాతల కాలం నుంచి ఊరి జీవాలన్నీ అక్కడే మేస్తున్నాయి.

ఇప్పుడు దాన్ని సంరక్షణ పథకంలోకి తీసుకుంటారట. చుట్టూ కందకం తవ్వి, లోపల మొక్కలు నాటి, ఐదేళ్లు ఒక్క జీవాన్ని కూడా రానివ్వరట. వచ్చే శనివారం గ్రామసభ. తీర్మానం కాగితం ముందే రాసి తెచ్చారు, సంతకాలు పెడితే చాలంటున్నారు.

గుట్ట బాగుపడాలని నాకూ ఉంది. నా చిన్నప్పుడు వానాకాలంలో అక్కడ నడిస్తే గడ్డి మోకాళ్లకు తగిలేది. ఇప్పుడు వాన పడిన పదిహేను రోజులకే నేల గీకినట్టు అయిపోతుంది. వయ్యారిభామ, సర్కారు తుమ్మ తప్ప కంటికి ఏమీ కనిపించదు. అలాగని ఐదేళ్లు మూసేస్తే నా గొర్రెలను ఎక్కడికి తోలాలి? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. మీ ఊళ్లలో ఇలాంటి పథకాలు వచ్చి ఉంటే మంచి అయినా చెడు అయినా జరిగింది జరిగినట్టు చెప్పండి.

బత్తాయితోట
మే 11, ఉదయం 8:15

అన్నా, నా మాట నచ్చకపోవచ్చు, కానీ చెప్పాలి. సంతకం పెట్టండి.

మా ఊరి గుట్టను పన్నెండేళ్ల కిందట ఇలాగే మూశారు. అడ్డంగా కందకాలు తవ్వారు. అంతకుముందు వాన పడితే ఎర్ర నీళ్లు గంటలో వంక దాటి పోయేవి. ఇప్పుడు గుట్ట కింద ఉన్న నా రెండు బోర్లు ఏప్రిల్ దాకా పోస్తున్నాయి. ఎవరు ఎన్ని జీవాలనైనా తోలుకోవచ్చు అంటే ఏ గుట్టా మిగలదు. మేకలు చిగురు కొరికితే, మేపేవాళ్లు కొమ్మలే నరికి వేస్తారు. గుట్టలో మేత అయిపోగానే అవే జీవాలు మా తోటల్లోకి వస్తాయి. మొదటి మూడేళ్లు నేను నాటిన బత్తాయి మొక్కల్లో సగం అలాగే పోయాయి. పంట పెట్టే రైతు బాధ కూడా ఈ చర్చలో ఉండాలి కదా.

పాలమూరు మంద
మే 11, మధ్యాహ్నం 1:30

బత్తాయితోట అన్నా, మీ నష్టం నిజమే. ఇంకొకరి చేను మేపితే తప్పు మా కాపరులదే. కానీ ఆ జీవాలు మీ తోటలోకి ఎందుకు వచ్చాయో కూడా చూడండి. మేసే చోటు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తే అవి ఎటు పోతాయి?

మా తెలంగాణ సంగతి చెబుతాను. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. ధర లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ, మేము కట్టింది 31,250 రూపాయలు. 2019 పశుగణన నాటికి తెలంగాణలో గొర్రెలు కోటీ 91 లక్షలు అయ్యాయి, దేశంలోనే మొదటి స్థానం. సంతోషమే. కానీ గొర్రెలను ఇచ్చినప్పుడు వాటికి గడ్డి ఎక్కడ అని ఎవరూ అడగలేదు. అదే కాలంలో ఊళ్లలో ఉన్న బంచరాయిల్లో, గైరాన్లలో, అంటే ఊరి మేత భూముల్లో, ఒకచోట మొక్కలు నాటారు, ఒకచోట ఇళ్ల స్థలాలు ఇచ్చారు, ఇంకోచోట వనం చేశారు. ఒక చేత్తో జీవాలను ఇచ్చి ఇంకో చేత్తో మేత తీసుకున్నట్టు అయింది.

మా ఊళ్లో పథకం గొర్రెలు తీసుకున్నవాళ్లలో చాలామంది రెండేళ్లలో అమ్మేశారు. మేత లేకనే. మిగిలినవాళ్లం సంక్రాంతి దాటగానే మందలు తోలుకుని వరి కోసిన పొలాల వైపు నడుస్తాం. దారిలో రైతులు మంద కట్టించుకుని రాత్రికి ఇంత అని ఇస్తారు. ఆ పెంటికలు, మూత్రం పొలానికి ఎంత బలమో రైతుకు తెలుసు. ఆ దారులు కూడా ఏటేటా మూసుకుపోతున్నాయి.

గుట్టకింది రైతు
మే 11, రాత్రి 9:05

బత్తాయితోట అన్నా, మీ గుట్ట మూసినప్పుడు మీ ఊళ్లో జీవాలున్నవాళ్లు ఏం చేశారు? వాళ్లకు ఏమైనా ఇచ్చారా?

బత్తాయితోట
మే 11, రాత్రి 10:20

నిజం చెప్పాలి. ఏమీ ఇవ్వలేదు. మేకలున్న ఇళ్లు పదిహేను దాకా ఉండేవి, ఇప్పుడు మూడో నాలుగో. కొందరు బెంగళూరుకు పనులకు వెళ్లారు. నేను అప్పుడు అది ఆలోచించలేదు.

మేకలక్క
మే 12, ఉదయం 5:40

ఆ మూడో నాలుగో ఇళ్లలాంటి ఇల్లే మాది. నాకు ఏడు మేకలు. సెంటు భూమి లేదు. పిల్ల చదువు ఫీజు కట్టాలంటే ఒక పోతును అమ్మాలి, ఆసుపత్రికి పోవాలంటే ఇంకోదాన్ని అమ్మాలి. అవి నాకు బ్యాంకులో డబ్బు లాంటివి.

మా గుట్టను మూసినప్పుడు "జీవాలు పోకూడదు కానీ గడ్డి కోసుకుపోవచ్చు" అన్నారు. చెప్పుకోవడానికి బాగుంటుంది. కోసి మోసేది ఎవరు? గేదెలున్న ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున్నే లేచి గుట్ట ఎక్కి మోపు కట్టుకుని దిగేవాళ్లు. పశువు తన కాళ్లతో నడిచి తినే గడ్డిని మనిషి నెత్తిన మోయాల్సి వచ్చింది. పైగా మేక కోసి వేసిన గడ్డి ఎంత తింటుంది? దానికి ఆకు కావాలి, రేగు కొమ్మ కావాలి, తుమ్మకాయ కావాలి. అది తిరిగి తినే జీవి. గేదెలున్నవాళ్లకు కొంచెమైనా మేలు జరిగింది, మేకలున్నవాళ్లకు ఏమీ లేదు. మేకలున్నవాళ్లే ఊళ్లో అందరికంటే పేదవాళ్లు.

ఇంకో మాట తమ్ముడూ. గ్రామసభ ఎన్ని గంటలకు పెట్టారో చూడు. పదకొండు గంటలకైతే జీవాలు మేపేవాళ్లు ఎవరూ ఊళ్లో ఉండరు. మా ఊళ్లో అలాగే జరిగింది. మేము గుట్ట మీద ఉండగా గుట్ట గురించి తీర్మానం అయిపోయింది. సాయంత్రం జీవాలు తిరిగొచ్చాక పెట్టమని అడుగు. అన్నింటికంటే ముందు అడగాల్సింది అదే.

పాత అడంగల్
మే 12, మధ్యాహ్నం 12:10

నేను రెవెన్యూలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి చోట్ల అందరూ మొక్కల గురించి వాదించుకుంటారు, భూమి ఎవరి పేరున ఉందో చూడరు.

ముందు ఆ సర్వే నంబరు రికార్డులో ఏమని ఉందో చూడండి. పాత సర్వే నాటి భూమి రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్, ఇప్పటి సాగు రికార్డు అడంగల్ రెండూ తీసుకోండి. "మేత పోరంబోకు" అని ఉందా, "గయాలు" అని ఉందా, "కొండ పోరంబోకు" అని ఉందా, అడవి కింద నోటిఫై అయిందా? ఒక్కో మాటకు ఒక్కో చట్టం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో సెక్షన్ 58 ప్రకారం, ప్రభుత్వం చేతిలో ఉండి వేరే ప్రత్యేక అవసరానికి కేటాయించని మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, తోపుల లాంటివి గ్రామ పంచాయతీకి చెందుతాయి. అదే సెక్షన్లో ప్రభుత్వం గెజిట్ ద్వారా వాటిని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉంది. అందుకే మీ భూమి మీద అలాంటి నోటిఫికేషన్ ఎప్పుడైనా వచ్చిందా అని సమాచార హక్కు కింద అడగండి.

ఇక 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించడానికి అన్ని రాష్ట్రాలూ పథకాలు తయారు చేయాలని అందులో చెప్పింది. ఆ భూములు ఊరి ప్రజలందరి ఉపయోగం కోసమని స్పష్టంగా రాసింది.

దీన్ని ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, మీ 86 ఎకరాల్లో ఇప్పుడు నిజంగా 86 ఉన్నాయా? నా అనుభవంలో కొలిచిన ప్రతిచోటా తక్కువే వచ్చింది. అంచున ఉన్న రైతులు ఏడాదికో సాలు లోపలికి దున్నుకుంటూ పోతారు. హద్దు కొలవకుండా కందకం తవ్వితే, ఆక్రమించింది కందకానికి బయట ఉండిపోతుంది. అంటే ఆక్రమణకు మీరే గట్టు వేసినట్టు. అందుకని సర్వే అయ్యాకే ఏ పని అయినా అని తీర్మానంలో రాయించండి.

గడ్డినేల
మే 12, రాత్రి 8:30

పాత అడంగల్ గారూ, చాలా విలువైన మాట. నేను గడ్డిభూముల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఒక ఇబ్బంది చెప్పాలి. ప్రభుత్వం తయారు చేసే బంజరు భూముల పటాల్లో మన మేత గుట్టల్లో చాలావరకు "బంజరు" కిందే వస్తాయి. చెట్టు లేకపోతే పనికిరాని నేల అనే లెక్క. అందుకే సంరక్షణ అనగానే గుంత తీసి మొక్క నాటడమే గుర్తొస్తుంది. పెద్ద సోలార్ పార్కులకు స్థలం వెతికినప్పుడు కూడా ముందు ఇలాంటి నేలలే కనిపిస్తాయి. కానీ గడ్డి, పొదలు, అక్కడక్కడ తుమ్మ, రేగు ఉన్న మెట్ట నేల దానికదే ఒక ప్రకృతి. హైదరాబాదులో 2025లో కంచ గచ్చిబౌలి భూముల గొడవ జరిగినప్పుడు నాకు ఆ పేరులోని "కంచ" అనే మాటే తట్టింది. కంచ అంటేనే పశువులు మేసే బీడు.

జీవాలను బయటికి పంపితే నేల బాగుపడుతుందనేది అన్నిచోట్లా నిజం కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో 1982లో పశువుల మేత నిషేధించారు. ఊళ్లవాళ్లతో గొడవ పోలీసు కాల్పుల దాకా వెళ్లి మనుషులు చనిపోయారు. తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, గేదెలు మేయకపోవడంతో నీటి గడ్డి విపరీతంగా పెరిగి, పక్షులకు కావాల్సిన తేటనీళ్లను కప్పేసింది. ఏ పక్షుల కోసం నిషేధించారో వాటికే నష్టం జరిగింది.

మన దగ్గర రోళ్లపాడు ఉంది, ఇప్పటి నంద్యాల జిల్లా. గడ్డినేలల్లో బతికే అరుదైన పెద్ద పక్షి బట్టమేక పిట్ట కోసం 1988లో సుమారు 614 హెక్టార్లలో అభయారణ్యం పెట్టారు. లోపల కృష్ణజింకలు బాగా పెరిగాయి, పక్క పొలాల్లో పంటలు తిన్నాయి, రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. చుట్టూ ఉన్న బీళ్లు సాగులోకి పోయాయి. చివరికి బట్టమేక అక్కడ కనిపించడం మానేసింది. కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క కంచె మీద వేయలేం. కానీ చుట్టూ ఉన్న ఊళ్లు మనసులో లేకుండా చేసిన సంరక్షణ నిలబడదని రోళ్లపాడు చూస్తే అర్థమవుతుంది.

సమితి పాత సభ్యుడు
మే 13, ఉదయం 7:00

1990లలో మా ఊళ్లో వన సంరక్షణ సమితి పెట్టినప్పుడు నేను సభ్యుణ్ణి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఆ విధానం మొదలైంది. అటవీ భూమిని ఊరివాళ్లతో కలిసి కాపాడి, వచ్చిన ఫలం పంచుకోవాలన్నది దాని ఉద్దేశం. నేను మనస్ఫూర్తిగా పనిచేశాను.

మొదటి రెండు మూడేళ్లు గడ్డి ఎంత వచ్చిందంటే నా జీవితంలో అంత చూడలేదు. నేలను ఒక్క రెండు వానాకాలాలు వదిలేస్తే చాలు, గింజ రాలి దానంతట అదే మొలిచింది. అప్పుడే మాకు పెద్ద పాఠం దొరికింది కానీ మేము పట్టించుకోలేదు. ఎందుకంటే లెక్కలో గడ్డి లేదు, చెట్లే ఉన్నాయి. ఎకరానికి ఎన్ని మొక్కలు బతికాయో చూసేవాళ్లు. బతకాలంటే జీవాలు ముట్టనివి నాటాలి. కానుగ, సీతాఫలం, నీలగిరి నాటాం. లెక్కలో శాతం బాగా వచ్చింది. ఐదారేళ్లకు నీలగిరి కింద గడ్డి పోయింది. మేత కోసం తెరిచే సమయానికి లోపల మేత లేదు.

ఇంకొకటి. కాపలా డబ్బు వచ్చినన్నాళ్లు కాపలా ఉంది. నిధులు ఆగాక ఒక్క ఏడాదిలో అన్నీ నరికేశారు. "మాది" అనుకుని మూసి ఉంటే అలా నరకరు. "వాళ్లది" అనుకున్నారు కాబట్టి నరికారు. తమ్ముడూ, మీ పథకంలో ఏయే మొక్కలు నాటుతారో పేర్లు అడుగు. ఆ జాబితా చూస్తే పథకం ఎవరి కోసమో తెలిసిపోతుంది.

పశువైద్యం
మే 13, మధ్యాహ్నం 3:45

ముప్పై ఏళ్లు పల్లెల్లో పశువైద్యం చేశాను. ఇక్కడ ఎవరూ చెప్పని ఒక లెక్క ఉంది. అది మనకు ఇష్టం లేకపోయినా చూడాలి.

ముప్పై కిలోల గొర్రె రోజుకు తన బరువులో మూడు శాతం దాకా ఎండు మేత తింటుంది. అంటే దాదాపు 900 గ్రాములు. మీ ఇరవై రెండు గొర్రెలకు రోజుకు 20 కిలోలు, ఏడాదికి ఏడు టన్నులకు పైనే. పాడైపోయిన మెట్ట గుట్టలో హెక్టారుకు టన్ను ఎండుగడ్డి రావడమే కష్టం. అందులో సగం నేలకు, గింజకు వదిలిపెట్టాలి. అంటే మీ ఒక్క మందకే పద్నాలుగు హెక్టార్లు, అంటే 35 ఎకరాల దాకా కావాలి. మీ గుట్ట మొత్తం 86 ఎకరాలు. మీ ఊళ్లో మందలు ఎన్ని? జీవాలన్నీ ఎన్ని?

కోత అయిపోయిన చేలు, వేరుశనగ పొట్టు, గట్ల మీద గడ్డి, కొమ్మ మేత కలిస్తే కొంత తట్టుకుంటుంది. అయినా లెక్క కుదరదు. మేత చాలనప్పుడు ఏమవుతుందో నేను ప్రతి జూన్‌లో చూశాను. ఎండాకాలమంతా అర్ధాకలితో ఉన్న గొర్రె తొలకరి పచ్చి మీద పడి ఒక్కసారిగా తింటుంది. చిటుకు రోగం వచ్చి రాత్రికి రాత్రి మందలో నాలుగైదు పడిపోతాయి. టీకా తొలకరికి ముందే వేయించాలి, మీరు ఇంకా వేయించకపోతే ఈ వారమే వేయించండి. ఒకే నేలను తెరిపి లేకుండా మేపితే పురుగుల బెడద కూడా ఎక్కువ.

కాబట్టి గుట్టకు విశ్రాంతి కావాలి అన్న బత్తాయితోట గారి మాట తప్పు కాదు. ఐదేళ్లు మొత్తం మూయడం మాత్రం విశ్రాంతి కాదు. గడ్డికి కావాల్సింది వాన పడిన దగ్గర్నుంచి గింజ రాలే దాకా, అంటే జూన్ చివరి నుంచి అక్టోబర్ దాకా. ఆ నాలుగు నెలలు నాలుగో వంతు నేలను వదిలేసి, మరుసటి ఏడు ఇంకో భాగాన్ని వదిలితే, నాలుగేళ్లలో గుట్ట మొత్తానికి ఒక చుట్టు విశ్రాంతి దొరుకుతుంది. జీవాలు ఊళ్లోనే ఉంటాయి.

వాన మొగులు
మే 13, సాయంత్రం 6:30

డాక్టర్ గారి లెక్క బాగుంది కానీ మా ఊళ్లో అలా భాగాలు చేసి చూశాం, పక్క ఊరి మందలు రాత్రిపూట వచ్చి మేసి వెళ్లాయి. మనం వదిలిన గడ్డిని వేరేవాళ్లు తింటే రెండో ఏడు ఎవరు వదులుతారు?

పాలమూరు మంద
మే 13, రాత్రి 7:50

వదలరు. అందుకే పక్క ఊరి పెద్దలతో, వలస వచ్చే కాపరులతో ముందే మాట్లాడాలి. మేము ఏటా పోయే దారిలో ఒక ఊళ్లో ఇలాగే భాగం కట్టారు. మొదటి ఏడాది మాకు తెలియక తోలాం, ఆపారు, గొడవైంది. తర్వాత వాళ్లే హద్దు రాళ్లకు సున్నం కొట్టి, మాకు నీళ్ల తొట్టి దగ్గర రెండు రోజులు ఆగడానికి ఒప్పుకున్నారు. ఇప్పటిదాకా మా మందల్లో ఎవరూ సున్నం రాయి దాటలేదు. బయటివాళ్లను పూర్తిగా కాదంటే దొంగతనంగా మేపుతారు. ఇంత వరకు అని చెబితే మాట ఉంటుంది.

గుట్టకింది రైతు
మే 13, రాత్రి 10:15

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నేను, ఇంకో ముగ్గురం కలిసి ఈరోజు ఊళ్లో జీవాలు లెక్కపెట్టాం. గొర్రెలు 410, మేకలు 165, పశువులు 70 దాకా. డాక్టర్ గారి లెక్కతో చూస్తే గుండె ఝల్లుమంది. ఇన్నాళ్లూ మేమే దాన్ని తినేశామని ఒప్పుకోవాలి.

మొక్కల జాబితా అడిగాను. కానుగ, సీతాఫలం, వేప, కొంచెం ఎర్రచందనం అన్నారు. గడ్డి మాటే లేదు. సమితి పాత సభ్యుడు గారు చెప్పినట్టే ఉంది. గ్రామసభను సాయంత్రానికి మార్చమని రాసిచ్చాం, ఇంకా జవాబు లేదు.

పథకం వద్దంటే డబ్బు వెనక్కి పోతుందని, మళ్లీ రాదని కొందరు భయపెడుతున్నారు. వద్దనకుండా మార్చమని అడగడానికి దారి ఉందా?

గడ్డినేల
మే 14, ఉదయం 9:20

ఉంది. పశుగ్రాసం కోసం వేరే పథకమే ఉందని చెప్పండి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌ను 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం సవరించింది. అటవీయేతర బంజరు భూములు, మేత భూములు, సాగుకు పనికిరాని నేలలు, పాడైన అటవీ భూముల్లో కూడా పశుగ్రాసం పెంచడానికి రాష్ట్రాలకు సాయం చేసేలా మార్చారు. మీ మండల పశుసంవర్ధక అధికారి దగ్గరికి వెళ్లి, మీ గుట్టను ఆ కింద ప్రతిపాదించమని రాతపూర్వకంగా అడగండి. చెట్ల పథకం ఉన్నా, దానిలోని కందకాల పనులు ఉంచి, నాటే వాటిలో గడ్డి, పప్పుజాతి మేత, కొమ్మ మేత చెట్లు చేర్చమని తీర్మానంలో రాయవచ్చు.

ఒకవేళ భూమి అటవీ శాఖదని తేలితే దారి వేరు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(డి) ప్రకారం పశువులు మేపుకోవడం కూడా సామూహిక హక్కే. వలస వచ్చే కాపరులకు కూడా అందులో చోటుంది. గిరిజనేతరులు 2005 డిసెంబర్ 13 నాటికి మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఆధారపడి ఉన్నట్టు చూపాలి. సామూహిక హక్కుల కోసం గ్రామసభకు ఫారం బి పెట్టుకోవాలి.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి ఐర్లాండ్‌లో బరెన్ అనే రాతి నేలల్లో ఉంది. 2010 నుంచి అక్కడ పొలంలో గడ్డి, పూలమొక్కలు ఎంత బాగున్నాయో చూసి పదికి మార్కులు వేస్తారు. మార్కును బట్టి రైతుకు డబ్బు. ఎన్ని పశువులు, ఏ తేదీన తోలాలి అన్నది రైతే చూసుకుంటాడు. శీతాకాలంలో పశువులు మేయకపోతే అక్కడ పొదలు కమ్మేస్తాయి కాబట్టి మేపడమే సంరక్షణలో భాగం. మన దగ్గర కూడా బతికిన మొక్కలను కాకుండా అక్టోబర్‌లో నిలిచిన గడ్డిని కొలిచి డబ్బు ఇస్తే, ఊళ్లు తమంతట తామే కాపలా కాస్తాయి.

బత్తాయితోట
మే 14, మధ్యాహ్నం 2:00

మొదట చెప్పిన మాట కొంచెం మార్చుకుంటున్నాను. కందకాలు మాత్రం వదులుకోకండి. నీళ్లు ఆగితే గడ్డి కూడా వస్తుంది, కింద మా బోర్లూ బతుకుతాయి. కందకం గట్టు మీద స్టైలో అనే పప్పుజాతి మేత గింజ చల్లండి. గుట్ట కింద తోటలున్న రైతులను కూడా ఒప్పందంలో చేర్చండి. నీళ్ల లాభం మాకు వస్తోంది కాబట్టి కాపలాకు మేము కూడా కొంత ఇవ్వాలి. మా ఊళ్లో ఈ మాట ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే నేను ఇచ్చేవాణ్ణి. ఆ మేకలున్న ఇళ్ల గురించి రెండు రోజులుగా మనసు బాగాలేదు.

మేకలక్క
మే 14, రాత్రి 8:40

ఆ మాట అన్నందుకు సంతోషం అన్నా.

తమ్ముడూ, భాగాలు కట్టేటప్పుడు ఒకటి చూడు. ఊరికి దగ్గరున్న భాగాన్ని మొదట మూయకండి. ముసలివాళ్లు, బాలింతలు, నాలుగు మేకలున్నవాళ్లు దూరం పోలేరు. పెద్ద మందలున్నవాళ్లు దూరం తోలగలరు, కాబట్టి దూరం భాగం వాళ్లకు ఉంచండి. మూసిన భాగంలో గడ్డి గింజ రాలాక కోత పెడితే భూమి లేనివాళ్లకు ముందు రోజు ఇవ్వండి.

గుట్టకింది రైతు
మే 17, ఉదయం 6:30

నిన్న సాయంత్రం ఆరింటికి గ్రామసభ జరిగింది. జీవాలు తిరిగొచ్చాక పెట్టారు కాబట్టి జనం నిండుగా వచ్చారు. ఆడవాళ్లే ఇరవై ముప్పై మంది ఉన్నారు.

తెచ్చిన కాగితం మీద సంతకాలు పెట్టలేదు. వేరే తీర్మానం రాశాం. సర్వే అయ్యాకే పని. కందకాలు కావాలి. నాలుగు భాగాలు చేసి ఈ వానాకాలం ఉత్తరం వైపు ఇరవై ఎకరాలు మాత్రం అక్టోబర్ చివరిదాకా మూస్తాం, దాంట్లో సర్కారు తుమ్మను వేళ్లతో సహా పీకి అంజన్ గడ్డి, స్టైలో చల్లుతాం. కానుగ, సీతాఫలం బదులు తెల్లతుమ్మ, రేగు, అవిశ అడిగాం. వచ్చిన అధికారి పైకి పంపుతానన్నారు, ఒప్పుకున్నట్టు చెప్పలేదు, కాదన్నట్టూ చెప్పలేదు. జీవాల సంఖ్య తగ్గించుకోవడం మీద మాత్రం గట్టిగా గొడవైంది. పెద్ద మందలున్న రెండు ఇళ్లవాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోయారు. అది ఇంకా తేలలేదు, మళ్లీ కూర్చోవాలి.

సర్వేకు దరఖాస్తు పెట్టాం, గురువారం వస్తామన్నారు. మా ఊళ్లో డెబ్బై దాటిన ఒక కాపరి ఉన్నాడు, పాత హద్దు రాళ్లు తనకు తెలుసంటున్నాడు. రేపు పొద్దున్నే ఆయనతో గుట్ట చుట్టూ నడుస్తాం. డాక్టర్ గారూ, స్టైలో గింజ ఎకరానికి ఎంత కావాలి?

పశువైద్యం
మే 17, ఉదయం 8:00

ఎకరానికి మూడు నుంచి నాలుగు కిలోలు. గింజ పైపొర గట్టిగా ఉంటుంది, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. రెండు మంచి వానలు పడ్డాకే చల్లండి. సర్కారు తుమ్మ కాయలు రాలే కాలంలో మందను ఆ చెట్ల కింద నుంచి కొత్త భాగంలోకి తోలకండి. తిన్న గింజ పెంటికల్లో పడి మళ్లీ మొలుస్తుంది.

పాత అడంగల్
మే 17, ఉదయం 9:30

రేపు నడిచేటప్పుడు పార, కొడవలి, పొడవాటి టేపు, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు పట్టుకెళ్లండి. రాళ్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంటాయి, పొద కింద కొట్టి చూడాలి. వంక ఒడ్డున ఉన్న రాయి కొట్టుకుపోయి ఉంటే కంగారు పడకండి, పక్క సర్వే నంబరు రాయి నుంచి కొలత పట్టుకోవచ్చు. దొరికిన ప్రతి రాయి దగ్గర ఆ పెద్దాయనను నిలబెట్టి ఫోటో తీయండి. గురువారం సర్వేయర్ వచ్చేలోపు ఆ పక్క రైతులకు కూడా నోటీసు అందిందో లేదో చూసుకోండి, లేకపోతే తర్వాత వాళ్లు కొలత చెల్లదంటారు.